ఊపిరి దారిలో కత్తి

పందొమ్మిదో శతాబ్దంలో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మ్యూజియంలో దేశదేశాల పుర్రెలు వేల సంఖ్యలో పోగుపడి ఉండేవి. ఆ కాలపు ముక్కు, గొంతు వైద్యుల్లో దిట్టగా పేరుపొందిన మోరెల్ మెకెంజీ వాటిలో 2 వేలకు పైగా పుర్రెలను పరీక్షించి, ముక్కు దూలం ఎలా ఉందో లెక్క తీశాడు. నాలుగింట మూడొంతులకు మించిన పుర్రెల్లో దూలం సరిగ్గా మధ్యలో లేదు. ఎడమకో కుడికో ఒరిగి ఉంది. నిటారుగా ఉన్నవే తక్కువ.

అంటే వంకర దూలం అరుదైన లోపం కాదు. మనిషి ముఖంలో అది మామూలు సంగతి. ఆ పుర్రెలు ఎవరివో గానీ, వాళ్లలో చాలామంది తమ ముక్కు గురించి ఒక్కరోజైనా ఆలోచించకుండానే బతికి ఉంటారు. కొందరు మాత్రం రాత్రంతా నోరు తెరుచుకుని పడుకుని, తెల్లవారేసరికి నాలుక పిడచకట్టుకుపోయి లేచి ఉంటారు. ఈ రెండు రకాల వాళ్లనూ వేరుచేసి గుర్తుపట్టడం ఎలా? రెండో రకం వాళ్లకు కత్తి పెడితే ఎంత తీయాలి, ఎంత ఉంచాలి? ముక్కు దూలం శస్త్రచికిత్స చరిత్ర అంతా ఈ ప్రశ్నల మీదే నడిచింది. ముందు తరాల వైద్యులు ఎక్కువ తీశారు. ఆ తీసినదాని ఫలితం రోగుల ముఖాల మీద కనిపించాక తర్వాతి తరాలు పొదుపు నేర్చుకున్నాయి.

ముక్కు రంధ్రాల మధ్య ఉన్న అడ్డుగోడే దూలం. ముందు భాగం మెత్తటి మృదులాస్థి, వెనక భాగం పల్చటి ఎముక. రెండు వైపులా రక్తనాళాలు కిక్కిరిసిన ఎర్రటి పొర కప్పి ఉంటుంది. దూలం పుట్టుకలోనే ఒరగవచ్చు, ఎదిగే వయసులో వంకర తిరగవచ్చు, చిన్నప్పుడు మెట్ల మీంచి పడి తగిలిన దెబ్బకూ వంగవచ్చు. ఒరిగిన వైపు గాలి దారి ఇరుకవుతుంది. రెండో వైపు ఖాళీ ఎక్కువవుతుంది గనుక అక్కడ హాయిగా ఊపిరి ఆడాలి. తరచూ అలా జరగదు. ముక్కు పక్కగోడల నుంచి లోపలికి పొడుచుకువచ్చే టర్బినేట్లనే ముడతలు ఆ ఖాళీలోకి ఉబ్బి దాన్ని పూడ్చేస్తాయి. అందుకే దూలం కుడికి వంగిన మనిషి ‘రెండు పక్కలా బిగుసుకుపోయింది డాక్టరుగారూ’ అంటాడు. ఆ మాట నిజమే.

విరిగిన ముక్కును బాగుచేయడం చాలా పాత విద్య. క్రీస్తుకు పూర్వం 1600 ప్రాంతంలో నకలు తీసిన ఈజిప్టు వైద్య గ్రంథం ఒకటి ఎడ్విన్ స్మిత్ పాపిరస్ పేరుతో ప్రసిద్ధం. ముక్కు ఎముక విరిగితే లోపలి రక్తం తుడిచి, కొవ్వులో తడిపిన నార వత్తులు రెండు రంధ్రాల్లో పెట్టాలని, బయట గట్టిగా చుట్టిన గుడ్డతో ఆసరా ఇవ్వాలని అందులో ఉంది. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి చెప్పిన సుశ్రుతుడు, ఊపిరి ఆగకుండా రంధ్రాల్లో రెండు గొట్టాలు అమర్చమన్నాడు. రూపం ఒక్కటే సరిపోదని, దారి తెరిచి ఉండాలని ఆయనకు తెలుసు. టిప్పు సుల్తాన్ సైనికుల చేతిలో ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీ అనే బండివాడికి పుణెలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన ఉదంతం 1794లో లండన్ పత్రికకెక్కింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో అదే శస్త్రచికిత్సను ఇంగ్లండ్‌లో చేసి చూపించాడు. ఇదంతా బయటి ముక్కు సంగతి. లోపలి గోడను ఎవరూ ముట్టుకోలేదు. కారణం చాలా సులువైనది: అక్కడ చీకటి.

పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో లైప్‌జిగ్ వైద్యుడు క్వెల్మాల్జ్ దూలం వంకర మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఆయన చెప్పిన చికిత్స, రోజూ వేలితో దూలాన్ని రెండో వైపుకు నెట్టడం. అంతకు మించి చేయడానికి ఆయనకు లోపల ఏముందో కనిపించేది కాదు. 1841లో ఫ్రీడ్రిచ్ హాఫ్‌మన్ అనే జర్మన్ పల్లెటూరి వైద్యుడు నడిమధ్య చిల్లు ఉన్న గుండ్రటి అద్దంతో వెలుగును చెవిలోకి మళ్లించి, ఆ చిల్లులోంచి చూశాడు. తర్వాత దాన్ని నుదుటికి కట్టుకోవడం అలవాటైంది. మొన్నమొన్నటిదాకా మన ఊళ్లలో చెవి ముక్కు గొంతు డాక్టర్ల గుర్తు ఆ అద్దమే. 1858 ప్రాంతంలో చెర్మాక్ చిన్న అద్దాన్ని నోటి వెనక్కి పెట్టి ముక్కు వెనక భాగం కూడా చూడగలిగాడు. ఆ పరీక్ష అలవాటయ్యాకే 1868లో కోపెన్‌హాగెన్‌లో విల్‌హెల్మ్ మేయర్ పిల్లల ముక్కు వెనక పెరిగే అడినాయిడ్లను వర్ణించాడు. నోరు తెరిచి ఊపిరి తీసుకునే పిల్లల్ని మందమతులని, సోమరులని తిట్టే కాలమది. వాళ్లకు తెలివి తక్కువ కాదు, గాలి తక్కువ అని ఆయన చెప్పాడు.

కనిపించడం మొదలయ్యాక రెండో అడ్డంకి నొప్పి. క్లోరోఫామ్ ఉంది గానీ, ముక్కు ఆపరేషన్‌లో అదే ప్రమాదం. మత్తు ఇచ్చేవాడికీ కోసేవాడికీ కావలసిన చోటు ఒకటే. పైగా కారే రక్తం స్పృహ లేని రోగి గొంతులోకే జారుతుంది. క్లోరోఫామ్ చావులు ఎందుకు జరుగుతున్నాయన్నది ఆ రోజుల్లో పెద్ద వివాదం, దాని మీద పెద్ద పరిశోధన జరిగింది హైదరాబాద్‌లోనే. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888, 1889లలో రెండు కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. గుండె ముందు ఆగదు, ఊపిరే ముందు ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అని తేల్చాయి. క్లోరోఫామ్ గుండెనూ నేరుగా ఆపగలదని తర్వాత రుజువైంది. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న హెచ్చరిక ఎందరినో కాపాడి ఉంటుంది.

ముక్కు వైద్యులకు దారి వేరే చోట దొరికింది. 1884 సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో జరిగిన కంటి వైద్యుల సభలో కార్ల్ కోలర్ రాసిన చిన్న పత్రం చదివారు. ప్రయాణానికి డబ్బు లేక కోలర్ రాలేదు, స్నేహితుడొకరు చదివిపెట్టాడు. కంట్లో కొకైన్ చుక్క వేస్తే నొప్పి తెలియదన్నది అందులోని విషయం. నెలలు తిరక్కముందే అది ముక్కులోకి వచ్చింది. కొకైన్ నొప్పి తెలియకుండా చేయడమే కాదు, లోపలి పొరను ముడుచుకునేలా చేసి దారి వెడల్పు చేస్తుంది. రోగి కుర్చీలో కూర్చుని మెలకువగా ఉంటాడు, రక్తం ఉమ్మేయగలడు.

ఈ వెసులుబాటే కొన్నాళ్లు శాపమైంది. సులువైంది కాబట్టి విచ్చలవిడిగా కోశారు. న్యూయార్క్‌లో బాస్‌వర్త్ చిన్న రంపంతో దూలంలో పొడుచుకొచ్చిన భాగాన్ని పొరతో సహా కోసేసేవాడు. దారి తెరుచుకునేది. కానీ పొర పోయిన చోట తేమ ఉండదు, పక్కులు కడతాయి, ఒక్కోసారి చిల్లు మిగులుతుంది. ఆ చిల్లు ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేస్తుంది. చికాగోలో ఇంగల్స్ 1882లో పొరను వీలైనంత కాపాడి మృదులాస్థి ముక్కను మాత్రం తీశాడు. సరైన ఆలోచన అదే. అది అందరికీ చేరడానికి మరో 20 ఏళ్లు పట్టింది.

మరోవైపు ముక్కు మీద వింత నమ్మకాలు పుట్టాయి. ఫ్రైబర్గ్‌కు చెందిన విల్‌హెల్మ్ హాక్ ఉబ్బసం, తలనొప్పి వంటి దూరపు జబ్బులకు మూలం ముక్కులోని వాపేనని, దాన్ని కాల్చేస్తే అవి నయమవుతాయని ప్రచారం చేశాడు. బెర్లిన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్లీస్ ఇంకా ముందుకెళ్లి, స్త్రీల నెలసరి బాధలకూ ముక్కుకూ ముడిపెట్టాడు. ఆయన ప్రాణస్నేహితుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఫ్రాయిడ్ తన ముక్కును కూడా ఆయన చేతిలో పెట్టాడు.

1895 తొలి నెలల్లో ఫ్రాయిడ్ దగ్గర చికిత్స పొందుతున్న ఎమ్మా ఎక్‌స్టీన్ అనే యువతికి ఫ్లీస్ వియన్నా వచ్చి ఆపరేషన్ చేశాడు. టర్బినేట్ ఎముకలో కొంత తీసేసి, బెర్లిన్ తిరిగి వెళ్లిపోయాడు. ఆమెకు వాపు, దుర్వాసన, రక్తస్రావం తగ్గలేదు. చివరికి ఫ్రాయిడ్ ఒక వియన్నా ముక్కు వైద్యుడిని పిలిపించాడు. ఆయన లోపల శుభ్రం చేస్తూ ఒక దారం లాంటిది కనిపిస్తే లాగాడు. కనీసం అర మీటరు పొడవున్న గాజ్ గుడ్డ బయటికొచ్చింది. ఫ్లీస్ లోపలే మరిచిపోయాడు. మరుక్షణం రక్తం వరదలా చిమ్మింది. ఎమ్మా ముఖం పాలిపోయి, నాడి దొరక్కుండా పోయింది. ఫ్రాయిడ్‌కు కళ్లు తిరిగి పక్క గదిలోకి వెళ్లి కూర్చోవలసి వచ్చింది. ఆమె బతికింది. కానీ ముఖంలో ఒక పక్క కుంగిపోయి, జీవితాంతం అలాగే ఉండిపోయింది.

ఇంత జరిగాక ఫ్రాయిడ్ స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో అతన్ని వెనకేసుకొచ్చాడు. మరుసటి ఏడాదికల్లా ఆమె రక్తస్రావాలు మనసులోని కోరికల వల్ల వచ్చినవేనని రాశాడు. గుడ్డ మరిచింది వైద్యుడు, నింద పడింది రోగి మీద. ఆ ఉత్తరాలు పూర్తిగా అచ్చయింది 1985లో గానీ కాదు. ‘ఆపరేషన్ బాగానే జరిగింది, మీ ఊపిరి ఆడకపోవడం అంతా మనసులోనే ఉంది’ అనే మాట ఇప్పటికీ ముక్కు రోగులు వింటూనే ఉన్నారు. ఆ మాట అనేముందు ప్రతి వైద్యుడూ ఎమ్మా ఎక్‌స్టీన్‌ను ఒకసారి తలుచుకోవాలి.

మలుపు 1902 నుంచి 1904 మధ్య వచ్చింది. చికాగోలో ఒట్టో ఫ్రీర్, హాక్ పనిచేసిన అదే ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియన్ విడివిడిగా దాదాపు ఒకే పద్ధతి ప్రకటించారు. ఊపిరితిత్తుల గొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కను 1897లో నోటి దారినే బయటికి తీసి పేరు తెచ్చుకున్నవాడే ఈ కిలియన్. ఒక వైపు పొరకు చిన్న గాటు పెట్టి, రెండు వైపులా పొరను మృదులాస్థి నుంచి జాగ్రత్తగా విడదీసి, మధ్యలోని వంకర భాగాన్ని మాత్రం తీసేసి, రెండు పొరలనూ కలిపి అదమడం ఆ పద్ధతి. పొర చెక్కుచెదరదు, తేమ పోదు. ముక్కు నిలబడడానికి పైన, ముందు సుమారు ఒక సెంటీమీటరు మేర మృదులాస్థిని వదిలేయాలని కిలియన్ గట్టిగా చెప్పాడు. ఇంత సున్నితమైన పనికి రక్తం అడ్డురాకూడదు. 1901లో జోకిచి తకమినే శుద్ధరూపంలో వేరుచేసిన అడ్రినలిన్ ఆ అడ్డు తొలగించింది. కొకైన్‌తో కలిపి వాడితే లోపలి పొర తెల్లబడి, రక్తం దాదాపు ఆగేది. ఫ్రీర్, కిలియన్ల పేర్లతో ఉన్న పరికరాలు ఇవాళ్టికీ ఆపరేషన్ థియేటర్ ట్రేలో కనిపిస్తాయి.

మన వైద్యులు ఎస్ఎంఆర్ అని పిలుచుకున్న ఆపరేషన్ ఇదే. అర్ధశతాబ్దం పైగా ప్రపంచమంతా ఇదే చేసింది. కానీ కిలియన్ చెప్పిన సెంటీమీటరు అందరి చేతుల్లోనూ మిగల్లేదు. ఎక్కువ తీసినచోట కొన్నేళ్లకు ముక్కు నడుమ కుంగి జీనులా తయారయ్యేది. గోడ మధ్యలో గట్టిదనం పోయి ఊపిరికి పొరలు కదిలేవి. పిల్లలకు చేస్తే ముక్కు ఎదుగుదలే దెబ్బతినేది. అందుకే ఇప్పుడు తప్పనిసరి అయితే తప్ప ఎదుగుదల ముగిసేదాకా ఆగుతారు.

1929లో మెట్జెన్‌బామ్ దూలం ముందు అంచును తీసేయకుండా తలుపులా మధ్యకు తిప్పి నిలబెట్టవచ్చని చూపించాడు. తర్వాత చికాగోలో మారిస్ కాటిల్ ఈ ఆలోచనను ఒక బడిగా మార్చాడు. దూలాన్ని అవతల పారేయాల్సిన అడ్డుగా కాక ముక్కుకు ఆధారంగా చూడమన్నాడు. వంకరను విడదీసి, అవసరమైనంతే తీసి, తీసిన మృదులాస్థిని చదును చేసి మళ్లీ లోపలే అమర్చమన్నాడు. 1954లో ఆయన చొరవతో అమెరికన్ రైనలాజిక్ సొసైటీ ఏర్పడింది, 1958లో ఆయన పద్ధతి వివరంగా అచ్చయింది. నేడు సెప్టోప్లాస్టీ అంటున్నది ఈ దారిలో ఎదిగినదే. చెంపను పక్కకు లాగితే ఊపిరి సులువవుతుందా అని చూసే పరీక్షకూ కాటిల్ పేరే ఉంది. 1960ల్లో హారల్డ్ హాప్కిన్స్ రూపొందించిన కటకాల కడ్డీతో ఎండోస్కోపు పదునెక్కింది. 1991 నుంచి దాంతోనే దూలం సరిచేయడం మొదలైంది.

హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా, విశాఖ పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా చీటీ మీద వంకర దూలానికి గుర్తుగా రాసే ‘డీఎన్‌ఎస్’ అన్న మూడక్షరాలు అందరికీ తెలిసినవే. పాత తరం రోగుల్ని కదిలిస్తే ఆపరేషన్ కంటే ప్యాకింగ్ గురించే ఎక్కువ చెబుతారు. రెండు రంధ్రాల్లో మీటర్ల కొద్దీ మందు పూసిన గాజ్ గుడ్డ కూరి, ఒకటి రెండు రోజులు అలాగే ఉంచేవారు. నోటితోనే గాలి, మింగితే చెవులు దిబ్బడ, నిద్ర లేదు. గుడ్డ లాగినప్పుడు చుక్కలు కనిపించేవి. ఆ తర్వాత లోపలికి వెళ్లిన మొదటి చల్లటి గాలిని మాత్రం ఎవరూ మరిచిపోరు. ఇప్పుడు చాలామంది వైద్యులు పొరలను కుట్లతో కలిపేస్తున్నారు, లేదా పల్చటి సిలికాన్ రేకులు పెడుతున్నారు. కూరడం తగ్గింది. వాపు తగ్గి అసలు ఫలితం తెలియడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు ఆగక తప్పదు.

దారి తెరుచుకున్నంత మాత్రాన ఊపిరి ఆడినట్టు అనిపించాలని లేదు. ఈ సంగతి వైద్యానికి ఆలస్యంగా అర్థమైంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న ముక్కులో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క బిగిసి, రెండో పక్క వదులవుతుందని రాశాడు. శ్వాస కదలికను గమనించే మన స్వరశాస్త్రం వాళ్లు ఎడమ, కుడి శ్వాసల మార్పును ఎప్పుడో గమనించారు. ‘ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క’ అని వచ్చే రోగుల్లో కొందరిది జబ్బే కాదు, ఈ సహజమైన మార్పే.

ఇంకో వింత మెంథాల్. 1983లో కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎకిల్స్ మెంథాల్ పీల్చినవాళ్ల ముక్కులో గాలి ఒత్తిడి కొలిచాడు. దారి కాస్తంత కూడా వెడల్పు కాలేదు. అయినా ముక్కు తెరుచుకున్నట్టే వాళ్లకు అనిపించింది. లోపలి పొరలోని చల్లదనం పసిగట్టే నాడులను మెంథాల్ తట్టిలేపుతుంది, మెదడు దాన్నే గాలిగా లెక్కేసుకుంటుంది. తెలుగువాడైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం జలుబు చేసిన రాత్రుల్లో ఇంటింటా ఇచ్చిన ఊరటలో ఈ మెంథాల్ పాలు ఉంది. ఆంధ్రపత్రిక పుట్టుకకు ఆసరా అయింది కూడా ఆ సీసాల మీద వచ్చిన డబ్బే.

చల్లదనం తెలిసే ఆ పొరనే తీసేస్తే ఏమవుతుందో 1994లో స్పష్టంగా పేరు పెట్టి చెప్పారు. మేయో క్లినిక్‌లో యూజీన్ కెర్న్, మోనికా స్టెన్‌క్విస్ట్ ‘ఎంప్టీ నోస్ సిండ్రోమ్’ అన్న మాట వాడింది అప్పుడే. టర్బినేట్లు మొత్తంగా తీయించుకున్న కొందరి ముక్కులు స్కాన్‌లో సొరంగాల్లా ఖాళీగా కనిపించాయి. కానీ ఆ మనుషులు గాలి అందడం లేదని, గొంతు పిసికినట్టుందని, నిద్ర పట్టడం లేదని చెప్పారు. కొందరు నిరాశలో కూరుకుపోయారు. గాలిని వెచ్చబెట్టి, తడిపి, దుమ్ము వడకట్టి పంపేది ఆ ముడతలే. రోజుకు 10 వేల లీటర్లకు పైగా గాలి వాటిని తాకుతూ వెళ్తుంది. ఇవన్నీ తెలిసే కొద్దీ టర్బినేట్‌ను తొలగించడం తగ్గి, లోపలి వాపును కొంచెం కుదించడం పెరిగింది.

వందేళ్లకు పైగా లక్షల మందికి చేసిన దూలం ఆపరేషన్ నిజంగా మందుల కంటే మేలా అని గట్టిగా తూచి చూసింది మాత్రం మొన్ననే. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 203 మంది పెద్దవాళ్లను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చూశారు. 2023లో బీఎమ్‌జేలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 378 మంది ఉన్నారు, ఒక గుంపుకు ఆపరేషన్, రెండో గుంపుకు ఆరు నెలల పాటు స్టెరాయిడ్, ఉప్పునీటి స్ప్రేలు. రెండు చోట్లా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ మేలు పొందారు. వంకర నిజంగా ఇబ్బంది పెడుతున్నవాళ్లకు ఇది పనిచేసే చికిత్స.

కాబట్టి భయపడి ఏళ్ల తరబడి నోటితో ఊపిరి తీసుకుంటూ గడపనక్కర్లేదు. వారం దాటి వాడితే వాడినకొద్దీ ముక్కును మరింత బిగించే చుక్కల మందు మీద ఆధారపడనక్కర్లేదు. జలనేతి పేరుతో ముక్కును నీళ్లతో కడుక్కునేవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు సోకిన అమీబాతో చనిపోయారు. ఆపరేషన్ తప్పదని చెప్పినప్పుడు, వంకర ఎక్కడుందో ఎండోస్కోపు తెర మీద చూపించమని అడగండి. అలర్జీకి ముందు చికిత్స చేశారా, దూలంలో ఎంత తీస్తారు, టర్బినేట్ల విషయంలో ఏం చేయబోతున్నారు అని కూడా అడగండి. టర్బినేట్ మొత్తం తీసేస్తామంటే మాత్రం, మరో వైద్యుడికి చూపించకుండా ఒప్పుకోవద్దు.